మెయిల్ చూపిన దారిన వెళ్లకండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇంట్లో లెక్కలన్నీ మొదటి నుంచీ నేనే చూసుకుంటాను. ఆరు రోజుల క్రితం రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో మా బ్యాంకు పేరుతో ఒక మెయిల్ చూశాను. ‘మీ ఖాతాలో అనుమానాస్పద లావాదేవీ జరిగింది. 24 గంటల్లో వివరాలు ధ్రువీకరించకపోతే ఖాతా నిలిపివేస్తాం’ అని ఉంది. లోగో, రంగులు, అడుగున చిన్న అక్షరాల్లో ఉండే హెచ్చరికలు అన్నీ నేను ఎప్పుడూ చూసేవే. లింకు నొక్కాను. పేరు, ఫోన్ నంబరు, కార్డు నంబరు, గడువు తేదీ, కార్డు వెనక ఉండే మూడంకెలు ఇచ్చేశాను. తర్వాతి పేజీలో ఏటీఎం పిన్ అడిగింది. అక్కడ చెయ్యి ఆగింది. పేజీ మూసేశాను. ఇప్పటివరకు డబ్బేమీ పోలేదు. గండం గడిచినట్టేనా? ఇలాంటి మెయిళ్లను గుర్తుపట్టడం ఎలా? ఇంత చదువుకుని, ఇన్నేళ్లు లెక్కలు చూసుకున్న నేను ఎలా నమ్మాను? మా అబ్బాయికి ఇంకా చెప్పలేదు. చెబితే నా ఫోన్‌లోంచి బ్యాంకు యాప్ తీసేయిస్తాడేమోనని భయంగా ఉంది.
పేరు వద్దు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివిన వెంటనే మీకు విడిగా రెండు వాక్యాలు రాసి పంపాను. అవి మిగతా పాఠకులకూ పనికొస్తాయి కాబట్టి ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. గండం గడవలేదు. మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు కార్డు వెనక అచ్చయి ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఆ కార్డును బ్లాక్ చేయించండి, కొత్తది అడగండి.

డబ్బు పోలేదు కదా అనే ధైర్యం చాలామందికి ఉంటుంది. ఇలాంటి ముఠాలు కార్డు వివరాలు చేతికి రాగానే ప్రతిసారీ వాడేయవు. వందల కార్డులు పోగేసి ఇంకొకరికి అమ్ముతారు. కొన్నవాడు ఎప్పుడు వాడతాడో తెలియదు, నెలల తర్వాత కూడా వాడొచ్చు. మీరు పిన్ ఇవ్వలేదు, మంచిదే. కానీ ఆన్‌లైన్‌లో కొనడానికి పిన్ అక్కర్లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెలు ఉంటే ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకునే సైట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఇంకో సంగతి. ‘నేను వివరాలు నింపాను గానీ ఆఖరి బటన్ నొక్కలేదు’ అని కొందరు రాస్తుంటారు. కొన్ని నకిలీ పేజీలు మీరు టైప్ చేస్తున్న ప్రతి అక్షరాన్నీ అప్పటికప్పుడే అవతలికి పంపేస్తాయి. బటన్ నొక్కకపోయినా, వివరాలు టైప్ చేశారంటే అవి చేరిపోయినట్టే అనుకుని కార్డు ఆపించుకోవాలి.

అసలు నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీరు ఇచ్చిన ఫోన్ నంబరు. కార్డు బ్లాక్ చేసినా ఆ నంబరు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇకమీదట మీకు ఒక ఫోన్ రావచ్చు. ఎలా వస్తుందో చెబుతాను, ముందే తెలిసి ఉంటే కొంత నయం. గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. ‘బ్యాంకు భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నామండీ, మీ కార్డుతో ఎవరో కొనుగోలు చేయబోతుంటే ఆపాం’ అంటారు. మీకు నమ్మకం కలగడానికి మీ కార్డు నంబరు వాళ్లే చదివి వినిపిస్తారు. ‘ఇది మీదేనా?’ అంటారు. అంకెలన్నీ సరిపోతాయి. సరిపోకేం, ఆ అంకెలు మీరిచ్చినవే కదా. అప్పుడు ‘లావాదేవీ రద్దు చేయడానికి మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అది చెప్పండి’ అంటారు. ఆ కోడ్ రద్దు చేయడానికి వచ్చింది కాదు, డబ్బు తీసుకోవడానికి వచ్చింది. ఫోన్ తెరమీద బ్యాంకు పేరే కనిపించినా నమ్మకండి, తెరమీద కనిపించే నంబరును కూడా నకిలీ చేయొచ్చు. మాట మధ్యలోనే పెట్టేయండి. అమర్యాద అనుకోవద్దు. నిజంగా బ్యాంకువాళ్లే అయితే మీరు కార్డు వెనక నంబరుకు చేసినప్పుడు మళ్లీ దొరుకుతారు.

ఇక మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, మీరు దానితోనే ఎక్కువ బాధపడుతున్నారు కాబట్టి. ఇంత చదువుకుని ఎలా నమ్మాను అన్నారు. ట్రాయ్ హంట్ అని ఆస్ట్రేలియాకు చెందిన కంప్యూటర్ భద్రతా నిపుణుడు ఉన్నారు. మన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఎక్కడైనా బయటపడ్డాయో లేదో చూసి చెప్పే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సేవను నడిపేది ఆయనే. ఏళ్ల తరబడి ప్రపంచానికి ఈ మోసాల గురించి పాఠాలు చెప్పిన మనిషి. 2025 మార్చిలో ఆయనే ఫిషింగ్ మెయిల్‌కు, అంటే ఇలా వేరేవాళ్ల పేరుతో వచ్చి వివరాలు లాగే మెయిల్‌కు చిక్కారు. తన పాఠకులకు మెయిళ్లు పంపడానికి వాడే సంస్థ పేరుతో, ‘మీ మీద ఫిర్యాదు వచ్చింది, మెయిళ్లు పంపకుండా ఆపేశాం, చూసుకోండి’ అని వచ్చింది. అప్పుడాయన లండన్‌లో ఉన్నారు, విమాన ప్రయాణం అలసట ఇంకా తీరలేదు. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చారు, కోడ్ కూడా ఇచ్చారు. క్షణాల్లో అనుమానం వచ్చి అసలు సైట్‌కు వెళ్లి పాస్‌వర్డ్ మార్చేశారు గానీ, అప్పటికే దాదాపు 16 వేల మంది పాఠకుల వివరాలు పోయాయి. ఆయన ఆ విషయం దాచలేదు, వెంటనే తన బ్లాగులో అంతా రాసేశారు.

ఆయనకు తెలియనిది ఏముందమ్మా? అలసటగా ఉన్న ఒక నిమిషంలో, కంగారు పుట్టించే ఒక వాక్యం ఎదురైంది. మీకూ అంతే. రాత్రి, నిద్ర ముంచుకొస్తున్న వేళ, చిన్న ఫోన్ తెరమీద, ‘24 గంటల్లో’ అనే మాట. ఖాతా ఆగిపోతుందన్న భయం మనసులో పడగానే, ‘ఇది నిజమేనా’ అనే ప్రశ్న పక్కకు పోయి ‘త్వరగా ఎలా పూర్తిచేయాలి’ అన్నదే మిగులుతుంది. ఆ మెయిల్‌లో ప్రతి మాటనూ ఎంచి పెట్టింది అందుకే. మీరు దేనికి లొంగుతారో వాళ్లకు తెలియదు, ఒకే మెయిల్‌ను లక్షల మందికి విసురుతారు. ఆ లక్షల్లో కొందరికి ఆ బ్యాంకులోనే ఖాతా ఉంటుంది, వాళ్లలో కొందరు అదే రోజు ఏదో పెద్ద లావాదేవీ చేసి ఉంటారు. వాళ్లకు ఆ మెయిల్ తమకోసమే రాసినట్టు కనిపిస్తుంది.

నాకూ ఒకసారి దాదాపు అలాగే అయింది. రైల్లో ఉండగా ‘మీ మెయిల్ బాక్స్ నిండిపోయింది, రేపటి నుంచి మెయిళ్లు రావు’ అని వచ్చింది. లింకు నొక్కితే లాగిన్ పేజీ తెరుచుకుంది. అందులో నా మెయిల్ ఐడీ ముందే నింపి ఉంది, పాస్‌వర్డ్ ఒక్కటే కొట్టాలి. నన్ను గుర్తుపట్టింది కాబట్టి అసలుదే అనుకున్నాను. సగం పాస్‌వర్డ్ కొట్టాక సిగ్నల్ పోయి పేజీ నిలిచిపోయింది. ఆ రెండు నిమిషాల ఖాళీలో ఆలోచన వచ్చింది, నా మెయిల్ బాక్స్‌లో సగం కూడా నిండలేదు కదా అని. పేజీ నన్ను గుర్తుపట్టలేదు, నా ఐడీని లింకులోనే అతికించి పంపారు, అంతే. నన్ను కాపాడింది నా తెలివి కాదు, దొరికిన ఆ రెండు నిమిషాలు. అందుకే డబ్బు గురించి, పాస్‌వర్డ్ గురించి ఏ మెయిల్ వచ్చినా ఫోన్ పక్కన పెట్టి, లేచి నాలుగడుగులు వేసి రమ్మని అందరికీ చెబుతుంటాను. ఒక్క మెయిల్ కోసం పావుగంటలో మూతపడే ఖాతా ఎక్కడా ఉండదు.

గుర్తుపట్టడం ఎలా అన్నారు. ‘అక్షర దోషాలు చూడండి, భాష తేడాగా ఉంటుంది’ అని ఇదివరకు చెప్పేవాళ్లం. ఆ సలహాకు కాలం చెల్లింది. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరైనా ఏ భాషలోనైనా శుభ్రంగా రాయించుకోవచ్చు. లోగోలు, రంగులు బ్యాంకు సైట్ నుంచే తీసి అతికిస్తారు. మీరు చూసిన అడుగు భాగం హెచ్చరికలు కూడా అసలు మెయిల్ నుంచి ఎత్తిరాసినవే అయి ఉంటాయి. అందంగా ఉంది కాబట్టి అసలుది అనుకోవడానికి వీల్లేదు.

పంపినవాళ్ల పేరు మీద కూడా ఆధారపడలేం. మెయిళ్లు పంపే పద్ధతికి నియమాలు రాసింది 1982లో. అప్పుడు ఆ నెట్‌వర్క్‌ను వాడేవాళ్లు తక్కువ, ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలవాళ్లు. అందుకే పంపేవాడు తన పేరు ఏం రాసుకున్నా యథాతథంగా చేరవేసేలా దాన్ని కట్టారు. కవరు మీద ‘నుంచి’ అనే చోట ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు కదా, అలాంటిదే. తర్వాత దీన్ని అరికట్టడానికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు వచ్చాయి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు ఇవి పెట్టుకోవాల్సిందేనని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టాయి. దానివల్ల మీ బ్యాంకు అసలు చిరునామానే దొంగిలించి పంపడం కష్టమైంది. కానీ మోసగాడు తనే ఒక కొత్త చిరునామా కొనుక్కుని, దానికి అన్ని తనిఖీలూ సక్రమంగా పెట్టుకుని, పేరు మాత్రం మీ బ్యాంకుది రాసుకుంటే ఈ తనిఖీలు ఏమీ అనవు. ఫలానా చిరునామా నుంచే వచ్చిందని అవి చెప్పగలవు గానీ, ఆ చిరునామా ఎవరిదో చెప్పలేవు.

ఫోన్‌లో చిక్కు ఇక్కడే ఉంది. పైన పేరొక్కటే కనిపిస్తుంది. ఆ పేరు మీద వేలు పెడితే కింద అసలు చిరునామా విచ్చుకుంటుంది. మీరు మీ మెయిల్ ఇంకా తీసేయకపోతే ఇప్పుడే చూడండి. లింకులేవీ ముట్టుకోకుండా మెయిల్ తెరిచి చూడటంతో సాధారణంగా ప్రమాదమేమీ ఉండదు. బ్యాంకుతో సంబంధం లేని ఏదో పొడవాటి చిరునామా కనిపించే అవకాశమే ఎక్కువ.

లింకు చదవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. కంప్యూటర్‌లో అయితే నొక్కకుండా మౌస్ బాణాన్ని దాని మీద నిలిపితే అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోన్‌లో లింకు మీద వేలు నొక్కి పట్టుకుంటే వస్తుంది, అయితే చెయ్యి జారితే తెరుచుకుంటుంది కాబట్టి ఫోన్‌లో ఆ పని చేయమని నేను మీకు చెప్పను. చదివేటప్పుడు ఒక్క కిటుకు. మనం పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందు పెడతాం. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కన ఉండే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. ఉదాహరణకు ‘మీబ్యాంకు డాట్ కామ్ డాట్ ఖాతా-తనిఖీ డాట్ నెట్’ అని ఉందనుకోండి. కన్ను ముందున్న ‘మీబ్యాంకు డాట్ కామ్’ చూసి ఊరుకుంటుంది. కానీ ఇంటిపేరు ‘ఖాతా-తనిఖీ డాట్ నెట్’. ఆ సైట్ ఆ పేరు కొనుక్కున్నవాడిది. ముందున్న భాగంలో వాడు ఏ బ్యాంకు పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అక్షరాలతోనూ ఆడుకుంటారు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెరమీద ఎమ్ లాగే ఉంటుంది. ఎల్ బదులు ఒకటి అంకె, ఓ బదులు సున్నా. రష్యన్ లిపిలోని ‘ఎ’ అక్షరం, ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరం చూడటానికి అచ్చం ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరువేరు. ఇంత సూక్ష్మంగా అర్ధరాత్రి ఎవరు చూస్తారు? నేనైతే చూడలేను.

తాళం గుర్తు గురించి ఒక్క మాట, ఎందుకంటే ‘తాళం ఉంది కదా’ అని నాకు చాలామంది రాస్తారు. అడ్రసు పక్కన ఆ గుర్తు ఉంటే మీకూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. అవతల ఉన్నది బ్యాంకా, దొంగా అన్నది ఆ గుర్తు చెప్పదు. దొంగ సైట్‌కు కూడా ఆ ధ్రువపత్రం ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. జనం దీన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్‌లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇవన్నీ తెలుసుకోండి, మంచిదే. అయినా నా నమ్మకం ఏమిటంటే, మెయిల్ ముందు కూర్చుని ఇది అసలుదా నకిలీదా అని తేల్చే పని మీరు పెట్టుకోవద్దు. ఆ పరీక్షలో వంద సార్లు నెగ్గినా, అలసిపోయిన ఒక్క రాత్రి ఓడితే చాలు. అసలు ఆ పరీక్ష రాయనవసరం లేని దారి ఒకటుంది. మెయిల్ ఏం చెప్పినా సరే, మెయిల్ చూపిన దారిన కాకుండా మీకు ముందు నుంచీ తెలిసిన దారిన వెళ్లండి. ఖాతాలో ఏదో జరిగిందని మెయిల్ వస్తే, దాన్ని అక్కడే వదిలేసి, ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్ మీరే తెరవండి. లేదంటే కార్డు వెనక నంబరుకు ఫోన్ చేయండి. మెయిల్ నిజమే అయితే ఆ సంగతి అక్కడా కనిపిస్తుంది. అబద్ధమైతే అక్కడ ఏమీ ఉండదు. రెండిట్లో ఏదైనా మీకు నష్టం లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పే సంఘటన ఒకటుంది. 2016 మార్చిలో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచార బృందానికి అధ్యక్షుడుగా ఉన్న జాన్ పొడెస్టాకు గూగుల్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసింది, వెంటనే మార్చుకోండి అని. ఆయన కార్యాలయంవాళ్లు గుడ్డిగా నొక్కలేదు, కంప్యూటర్ సహాయ సిబ్బందిని అడిగారు. జవాబులో ‘ఇది సరైన మెయిలే, పాస్‌వర్డ్ మార్చాలి’ అని వచ్చింది. సరైనది కాదు అని రాయబోయి పొరపాటున అలా రాశానని ఆ ఉద్యోగి తర్వాత చెప్పారు. అయితే అదే జవాబులో పాస్‌వర్డ్ మార్చడానికి గూగుల్ అసలు చిరునామా కూడా ఇచ్చారు. ఆ చిరునామాకు వెళ్లి మార్చి ఉంటే, ఆ మెయిల్‌ను నిజమని నమ్మినా ఏమీ అయ్యేది కాదు. మెయిల్‌లో ఉన్న బటన్ నొక్కారు. ఆ ఖాతాలోని వేల మెయిళ్లు అదే ఏడాది అక్టోబరులో వికీలీక్స్ ద్వారా బయటికొచ్చాయి. వాళ్లను ముంచింది మెయిల్‌ను నమ్మడం కాదు, మెయిల్‌లో ఉన్న దారిన వెళ్లడం.

మెయిల్ ఏం అడుగుతోందో కూడా చూడండి. పిన్, పూర్తి పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు వెనక మూడంకెలు, ఇవి మెయిల్ పంపి అడగాల్సిన అవసరం ఏ బ్యాంకుకూ లేదు. మీ కార్డు నంబరు ఇచ్చిందే బ్యాంకు, దాన్ని మళ్లీ మీ దగ్గర అడిగి తెలుసుకోవాల్సిన పనేముంది? మీ చెయ్యి పిన్ దగ్గర ఆగింది చూశారా, ఆ అనుమానం సరైనదే. దాన్ని ఇంకో మెట్టు ముందుకు జరుపుకుంటే చాలు.

భయపెట్టే మెయిళ్లే కాదు, సంతోషపెట్టేవీ ఉంటాయి. పన్ను డబ్బు తిరిగొస్తుంది, ఖాతా వివరాలు ఇవ్వండి అంటారు. కొన్నిటిలో లింకే ఉండదు. ‘మీరు ఫలానా వస్తువు కొన్నారు, కాదంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఒక బిల్లు వస్తుంది. మీరు కొననే లేదు కాబట్టి ఆదుర్దాగా మీరే ఫోన్ చేస్తారు, అటువైపు ఉండేది వాళ్లే. ఇంకొన్నిటిలో క్యూఆర్ కోడ్ బొమ్మ ఉంటుంది, లింకును బొమ్మలో దాచడం అన్నమాట. జతచేసిన ఫైలు తెరిస్తే లాగిన్ పేజీ కనిపించేవీ ఉన్నాయి. అన్నిటికీ జవాబు ఇందాక చెప్పిందే.

మీకు ఒక సాయం కూడా పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ మీ పాస్‌వర్డ్‌లను గుర్తుపెట్టుకుని, సరైన సైట్‌లో మాత్రమే తనంతట తాను నింపుతుంది. ఎమ్‌కూ, పక్కపక్కన ఉన్న ఆర్ ఎన్‌కూ తేడా మన కంటికి అందకపోయినా దానికి అందుతుంది. రోజూ నింపేది ఇవాళ నింపలేదంటే ఆగి చూడాలి. ట్రాయ్ హంట్ విషయంలో కూడా ఆ రోజు అది నింపలేదు, ఆ సూచనను తాను పట్టించుకోలేదని ఆయనే రాశారు. బ్యాంకు గానీ మెయిల్ సేవ గానీ ‘పాస్‌కీ’ ఇస్తుంటే పెట్టుకోండి. పాస్‌వర్డ్ బదులు, ఫోన్ తాళం తీసినట్టే వేలిముద్రతోనో ముఖంతోనో లాగిన్ అయ్యే పద్ధతి అది. అసలు సైట్‌తో ముడిపడి ఉంటుంది, నకిలీ పేజీలో పనిచేయదు, మీరు పొరపాటున చెప్పేయడానికి అందులో అంకెలేవీ ఉండవు. మీ అబ్బాయి కూర్చుని పెడితే అరగంట పని.

ఇప్పుడు అబ్బాయి సంగతికి వద్దాం. చెప్పండమ్మా. ఇవాళే చెప్పండి. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అని ఎవరైనా అనొచ్చు. ఆ మాటకు భయపడి నోరు మూసుకున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర చాలా ఉన్నాయి. మొదటిసారి పోయింది కొంచెమే, దాచడానికి చేసిన ప్రయత్నంలో పోయిందే ఎక్కువ. ఎందుకంటే ఎవరికీ చెప్పుకోలేని మనిషిని మళ్లీ మోసం చేయడం తేలిక. ‘మీరు మోసపోయారని తెలిసింది, మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంత ఫీజు కట్టండి’ అంటూ రెండో విడత వస్తారు. మొదటి ముఠావాళ్లో, వాళ్ల దగ్గర మీ పేరు కొనుక్కున్నవాళ్లో ఆ పని చేస్తుంటారు. ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా ఆ రెండో ఫోన్ మీతో పాటు ఇంకొకరు వింటారు.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, జరిగిందాంతో పాటు మీరు చేసిన పని కూడా కలిపి చెప్పండి. ‘నకిలీ మెయిల్‌లో కార్డు వివరాలు ఇచ్చాను. పిన్ అడిగినప్పుడు ఆపేశాను. కార్డు బ్లాక్ చేయించాను, కొత్తది వస్తోంది. నాకు పాస్‌కీ పెట్టిచ్చి వెళ్లు.’ ఇది ఏమీ చేతగాని మనిషి చెప్పే మాటలా ఉండదు.

బాబూ, ఇది నువ్వు చదువుతుంటే నీకూ ఒక మాట. అమ్మ ఫోన్‌లోంచి యాప్ తీసేయకు. ఆమె తన ఖాతాను తనే చూసుకోవడం వల్లే తేడా వస్తే ముందుగా తెలిసేది ఆమెకే. యాప్ తీసేస్తే ఇకమీదట అనుమానం వచ్చినప్పుడు తనంతట తాను వెళ్లి చూసుకునే దారి పోతుంది, మెయిల్ చూపించే దారి ఒక్కటే మిగులుతుంది. వచ్చి పక్కన కూర్చో. ప్రతి లావాదేవీకీ సందేశం వచ్చేలా పెట్టు. ఆన్‌లైన్ వాడకానికి, విదేశీ వాడకానికి పరిమితి పెట్టుకునే వీలు యాప్‌లో ఉంటే అదీ పెట్టు.

ఆ మెయిల్‌ను అప్పుడే చెరిపేయకండి. మెయిల్‌కూ, పంపిన చిరునామాకూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, బ్యాంకు అడగొచ్చు, సైబర్ నేరాల పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడానికీ కావాలి. ఆ తర్వాత మెయిల్ పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కి, ఫిషింగ్ అని రిపోర్ట్ చేయండి. ఎవరినైనా హెచ్చరించాలంటే స్క్రీన్‌షాట్ పంపండి గానీ మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకండి, లింకు కూడా వెంట వెళుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు మరికొన్ని నెలలు ప్రతి వారం చూడండి. మీకు గుర్తులేని చిన్న మొత్తం కనిపించినా వదలొద్దు, కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి ముందు చిన్న మొత్తమే లాగుతారు.

చివరగా, రాబోయే రోజుల్లో మీకు తప్పకుండా ఎదురయ్యేది ఒకటుంది. పాత కార్డు ఆగిపోయింది కాబట్టి, దానితో నెలనెలా కట్టే ఫోన్ బిల్లు, సినిమాల యాప్, ఇంకేమైనా ఉంటే వాటి డబ్బు కట్ కాదు. ‘మీ పేమెంట్ విఫలమైంది, కార్డు వివరాలు మార్చండి’ అని వాళ్లు మెయిళ్లు పంపుతారు. అవి నిజమైనవే. కానీ చూడటానికి అచ్చం మిమ్మల్ని మోసం చేసిన మెయిల్‌లాగే ఉంటాయి, వాటి మధ్యలో నకిలీది ఒకటి దూరినా తెలియదు. వాటిని విడదీస్తూ కూర్చోకండి. ఇప్పుడే ఒక కాగితం తీసుకుని, ఆ కార్డుతో ఎవరెవరికి డబ్బు కడుతున్నారో పేర్లు రాయండి, పాత స్టేట్‌మెంటు చూస్తే అన్నీ దొరుకుతాయి. కొత్త కార్డు రాగానే ఒక్కో యాప్ మీరే తెరిచి నంబరు మార్చి, పేరు పక్కన టిక్కు పెట్టండి. కాగితం మీద లేని పేరుతో ‘పేమెంట్ ఆగింది’ అని మెయిల్ వస్తే దాన్ని తెరవక్కర్లేదు. కాగితం మీద ఉన్న పేరుతో వస్తే, అప్పటికే టిక్కు పెట్టి ఉంటుంది.